ఒక్క రోజే ఉంటే వర్సాయా, వో-లె-వికోంతా?

పారిస్ వెళ్లేవాళ్లని ఏ ప్యాలెస్ చూస్తారని అడిగితే ఆలోచించకుండా వర్సాయ్ అనేస్తారు. నేనైతే ముందు ఒకటి అడుగుతా: మీకు గదులు చూడాలనుందా, తోటలో తిరగాలనుందా?

గదులైతే ఇంక వాదన లేదు, వర్సాయే. అద్దాల హాలొక్కటే 73 మీటర్లు, 357 అద్దాలు. కాకపోతే జనం ఎంతుంటారంటే, అద్దాల కంటే ముందు మనకి కనిపించేవి పైకెత్తిన ఫోన్లే. సోమవారం సెలవు కాబట్టి మంగళవారం ఇంకా రద్దీ, ఆ రోజు మాత్రం వద్దు.

తోట సంగతికొస్తే నా ఓటు వో-లె-వికోంత్ అనే ఇంకో ప్యాలెస్‌కి. దీన్ని కట్టించింది ఫ్రాన్స్ రాజు 14వ లూయీ దగ్గర ఆర్థిక వ్యవహారాలు చూసిన నికోలా ఫూకే. 1661 ఆగస్టు 17న రాజుగారికి ఇక్కడ కళ్లు చెదిరే విందు ఇచ్చాడు, మూడు వారాలు తిరక్కుండానే అరెస్టయ్యాడు, 1680లో జైల్లోనే పోయాడు. (విందు చూసి రాజే అసూయతో పట్టించాడని కథ, కానీ ఆ నిర్ణయం అంతకుముందే జరిగిపోయిందట.) ఆ తర్వాత ఇక్కడ పనిచేసిన ఆర్కిటెక్ట్ లె వో, చిత్రకారుడు లె బ్రన్, తోట వేసిన లె నోత్ర్, ముగ్గుర్నీ రాజు వర్సాయ్ పనికి పెట్టుకున్నాడు. అంటే వర్సాయ్‌కి ఇది చిత్తుప్రతి లాంటిది, నాకు ఆ చిత్తుప్రతే నచ్చింది.

ఎందుకంటే లె నోత్ర్ ఇక్కడ కంటితో ఆడుకున్నాడు. భవనం మెట్ల మీద నిలబడి చూస్తే తోటంతా ఒక్క చూపులో అయిపోయినట్టుంటుంది, చివర్న ఉన్న రాతి గుహలు చతురస్రపు కొలను గట్టునే ఆనుకుని ఉన్నట్టు కనిపిస్తాయి. సరే అని కంకర దారిలో నడుస్తూ కొలను దాటి ముందుకెళ్తే, నేల ఒక్కసారిగా కిందికి దిగిపోయి, అప్పటిదాకా జాడే లేని కాలువ అడ్డంగా, దాదాపు కిలోమీటరు పొడవున ప్రత్యక్షమవుతుంది. గుహలేమో దాని అవతల! వంతెన లేదు, చుట్టూ తిరిగి పోవాల్సిందే. ఆయాసపడుతూ పైన హెర్క్యులిస్ విగ్రహం దగ్గరికెక్కి వెనక్కి చూస్తే, ఇంత దూరం నడిచామా అనిపిస్తుంది.

వర్సాయ్ తోటలో ఈ దాగుడుమూతలు తక్కువ, అక్కడంతా దర్జా. పెద్ద కాలువ 1.67 కిలోమీటర్లు, అందులో పడవ అద్దెకి తీసుకుని తెడ్డు వేసుకోవచ్చు, పిల్లలుంటే అదే హైలైట్. ఫౌంటెన్లు మాత్రం అన్ని వేళలా ఆడవు. రాజుగారి రోజుల్లోనే నీళ్లు చాలక, ఆయన ఎటు వస్తున్నారో ఈలవేసి చెప్పుకుని ఆ పక్కవే విప్పేవాళ్లు. ఇప్పుడు కూడా షో ఉన్న రోజేదో చూసుకుని వెళ్లండి, లేకపోతే ఎండిన గొట్టాలు చూసి రావాలి.

వో-లె-వికోంత్‌కి ఉన్న ఒకే ఇబ్బంది ప్రయాణం. పారిస్‌కి ఆగ్నేయంగా 50 కిలోమీటర్ల పైనే, రైలు దిగాక ఇంకో బండి పట్టుకోవాలి, చలికాలంలో చాలా రోజులు మూసేస్తారు కూడా. వర్సాయ్ అయితే లోకల్ రైల్లో కూర్చుంటే చాలు. పెద్దవాళ్లు వెంట ఉండి ఎక్కువ నడవలేకపోతే వర్సాయ్‌కే వెళ్లండి, లోపల తిప్పడానికి చిన్న ట్రైన్ ఉంది. మీరిద్దరే, కాళ్లలో ఓపిక ఉంది అంటే మాత్రం వో-లె-వికోంత్‌కి పొండి, వేసవి శనివారం రాత్రయితే కొవ్వొత్తులు కూడా వెలిగిస్తారు.