బార్ మిట్జ్వాకు తెలుగు ఆహ్వాన పత్రిక: నల్లగొండలోని ఒక శుభలేఖల దుకాణం పనితనం

న్యూజెర్సీలో ఉంటున్న మా మనుమడికి 13 ఏళ్లు నిండుతున్న సందర్భంగా బార్ మిట్జ్వా అనే యూదు వేడుక జరిపించాలని కొడుకూ కోడలూ నిశ్చయించినప్పుడు, ఇక్కడి బంధువులకు పత్రికలు వేయించి పంచే బాధ్యతను నేనే అడిగి తీసుకున్నాను. మా కోడలు యూదు మతస్థురాలు. తల్లి యూదురాలైతే బిడ్డ కూడా యూదుడేనన్నది వారి సంప్రదాయం. ఆ వయసుకు వచ్చిన పిల్లవాడు ధర్మాజ్ఞల పాలనకు ఇక తానే బాధ్యుడవుతాడు, సినగాగులో, అంటే వారి ప్రార్థనా మందిరంలో, అందరి ముందూ వారి పవిత్ర గ్రంథమైన తోరా చదువుతాడు. ఈ సంగతిని పత్రికలో పెట్టించడానికి క్లాక్ టవర్ దగ్గరి ఒక శుభలేఖల దుకాణానికి వెళ్లాను.

కంప్యూటర్ దగ్గర కూర్చున్న అబ్బాయి మొదట ఉపనయనం నమూనా, ఆ తరువాత ధోతీ ఫంక్షన్ నమూనా చూపించాడు. పోలిక ఉన్న మాట నిజమే. కానీ పిల్లవాడు నెలల తరబడి హీబ్రూ పాఠం వల్లె వేసి సిద్ధపడింది ఏ వేడుకకో, పత్రిక మీద ఆ వేడుక పేరే ఉండాలని నేను పట్టుబట్టాను. యజమాని అది విని నమూనాలన్నీ పక్కన పెట్టించి, ఆ రోజు ఎవరు ఏమి చేస్తారో నన్ను అడిగి కాగితం మీద రాసుకున్నారు. ఆ ఓపిక కోసమే ఈ దుకాణం గురించి నేను పదిమందికీ చెబుతున్నాను. ‘శుభ ముహూర్తం’ అన్న వరుస తీసి ‘శనివారం ఉదయ ప్రార్థనలో తోరా పఠనం’ అని వేశారు. వినాయకుడి బొమ్మ ఉండే చోట చుట్టగా ఉండే తోరా గ్రంథం బొమ్మ కూర్చారు. ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అన్న మాటను మాత్రం నేనే ఉంచమన్నాను, అది లేకపోతే మా వైపు పిలిచినట్టే కాదు.

తేదీల దగ్గర కొంత ఆలోచించవలసి వచ్చింది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి చుక్కలు పొడిచే వరకు వారికి సబ్బాతు, అంటే వారపు విశ్రాంతి దినం. మా కోడలి వాళ్ల సినగాగులో ఆ సమయంలో ఫోన్లు, ఫొటోలు ఉండవు కనుక వీడియోలో చూపించే వీలు లేదు. అందువల్ల అక్కడి శనివారాన్ని పైన వేసి, మనుమడు నల్లగొండకు వచ్చాక ఆదివారం ఇచ్చే విందును కింద వేయించాము. మిర్యాలగూడ, దేవరకొండ బంధువులు ఏ తేదీకి రావాలో తికమక పడకుండా, రెండవదాన్ని పెద్ద అక్షరాలలో పెట్టమని సలహా ఇచ్చింది దుకాణం వారే.

హీబ్రూ కుడి నుంచి ఎడమకు రాసే భాష. పత్రిక మీద ‘బార్ మిట్జ్వా’ అని హీబ్రూలో కూడా వేయించాము, మొదటి ప్రూఫులో ఆ రెండు మాటలు తలకిందులుగా కాదు గానీ వెనకముందులుగా వచ్చాయి. కోడలు వాట్సాప్‌లో చూసి, కుడి చివర ఉండవలసిన ‘బేత్’ అక్షరం ఎడమ చివరకు పోయిందని చెప్పింది. మా కోడలు ఆ మాటలను బొమ్మ రూపంలో పంపితే, అదనంగా రూపాయి అడగకుండా దాన్నే యథాతథంగా అతికించారు. మీరూ ఇలాంటి పని పెట్టుకుంటే, ఆ భాష వచ్చినవారు ప్రూఫు చూడనిదే అచ్చుకు ఒప్పుకోవద్దు.

పత్రికల సంఖ్య 18 గుణిజంగా ఉండాలని కోడలు కోరింది. హీబ్రూలో ‘జీవం’ అనే మాటకు అక్షరాలకు ఉండే అంకెల విలువ కూడితే 18 వస్తుందట, అందుకే కానుకలు కూడా ఆ లెక్కనే ఇస్తారట. దుకాణంలో వందల లెక్కన తప్ప వేయరు. మాకోసం 216 వేశారు. చివర 16 చూసి, మన నూట పదహార్ల లెక్కే కదా అని మా అక్కయ్య ఎంతో సంతోషించింది.

లోపాలు లేకపోలేదు. చెప్పిన రోజుకు మూడు రోజులు ఆలస్యంగా ఇచ్చారు, ఆఖరి కట్టలోని కవర్లకు జిగురు సరిగా లేక ఇంట్లో మేమే అంటించుకున్నాము. పత్రిక ఒక్కింటికి 24 రూపాయలు. కాగితం మందం, బంగారు రంగు అచ్చు చూస్తే అది న్యాయమైన ధరే. పసుపు అద్దాలా అని ముందుగా అడిగారు. ఇక్కడ బొట్టు పెట్టి ఇచ్చేవాటికి అద్దించి, అమెరికాకు పంపే 36 పత్రికలను విడిగా కట్టించుకున్నాను. ఇంటింటికీ తిరిగి పిలవడానికే మాకు పది రోజులు పట్టింది కనుక, విందుకు కనీసం నెల ముందే ఆర్డరు ఇవ్వండి.