అమెరికా క్రైస్తవ జాతీయవాదం: ఐక్యవేదికా, ఏకసిద్ధాంత రాజ్యమా, వేరుపడిన సంఘమా, ఏది మేలు?

2024 జూన్ 19న అమెరికాలోని లూసియానా రాష్ట్ర గవర్నర్ జెఫ్ లాండ్రీ ఒక చట్టంపై సంతకం చేశారు. ప్రభుత్వ బడుల్లోని ప్రతి తరగతి గదిలోనూ కనీసం 11 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల ఎత్తు ఉన్న పటం మీద పది ఆజ్ఞలను రాసి గోడకు తగిలించాలని ఆ చట్టం ఆదేశించింది. ఆ పటం మీద ఏ మాటలుండాలో కూడా శాసనసభే నిర్ణయించి, కింగ్ జేమ్స్ బైబిలు (ప్రొటెస్టంట్ల పాత ఇంగ్లిషు అనువాదం) ధోరణిలో ఉన్న పాఠాన్ని చట్టంలో పొందుపరిచింది. విగ్రహాలు చేసుకోకూడదన్న వాక్యం ఆ పాఠంలో విడిగా కనిపిస్తుంది. కతోలికులు, లూథరన్లు పిల్లలచేత కంఠస్థం చేయించే ఆజ్ఞల వరుసలో మాత్రం దానికి ప్రత్యేక స్థానం లేదు. ఈ తేడా తెలుగు క్రైస్తవులకు కొత్తది కాదు. గుంటూరులో లూథరన్ ఇంటి పిల్లవాణ్ణి మూడో ఆజ్ఞ చెప్పమంటే విశ్రాంతిదినం గురించి చెబుతాడు, నెల్లూరులో బాప్టిస్టు ఇంటి పిల్లవాడు దేవుని నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించరాదన్నది చెబుతాడు. ఇద్దరి ఇంట్లోనూ ఉన్నది ఒకే బైబిలు. ఇళ్లలో ఉన్నంతకాలం ఈ తేడావల్ల ఎవరికీ నష్టం లేదు. ప్రభుత్వం గోడకు ఒకే పటం తగిలించాలనుకున్న రోజున మాత్రం ఆ ఇద్దరిలో ఎవరి లెక్క సరైనదో తేల్చే పని శాసనసభ నెత్తిన పడుతుంది.

అలా తేల్చబోయినప్పుడు ఏం జరుగుతుందో 1859లో బోస్టన్ నగరం చూసింది. ఎలియట్ బడిలో చదివే ఒక కతోలిక బాలుడు ప్రొటెస్టంటు పాఠంలో ఉన్న పది ఆజ్ఞలను అప్పజెప్పనన్నాడు. ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడి చేతుల మీద బెత్తంతో చాలాసేపు కొట్టాడు. వ్యవహారం కోర్టుకెక్కితే, కోర్టు ఉపాధ్యాయుణ్ణి విడిచిపెట్టింది. దెబ్బలు తిన్నవాడు క్రైస్తవుడే, కొట్టినవాడూ క్రైస్తవుడే.

అమెరికా రాజ్యాంగ వ్యవస్థ, చట్టం, బడి క్రైస్తవ విశ్వాసం మీదనే నిలబడాలని, ఆ దేశపు అసలు గుర్తింపు క్రైస్తవమేనని వాదించే ఉద్యమాన్ని ఇప్పుడు క్రైస్తవ జాతీయవాదం అంటున్నారు. పీఆర్ఆర్ఐ అనే పరిశోధన సంస్థ 2023లో జరిపిన సర్వేలో అమెరికన్లలో సుమారు 10 శాతం మంది ఈ భావాలను పూర్తిగా సమర్థించేవారుగా, మరో 20 శాతం మంది సానుభూతిపరులుగా తేలారు. బయటనుంచి చూసేవారికి ఇది ఒకే సైన్యంలా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే మూడు ప్రశ్నలు వినిపిస్తాయి. సిద్ధాంతభేదాలను పక్కనబెట్టి అందరూ ఒకే వేదికమీద నిలబడటం మేలా? ఒక నిర్దిష్ట సిద్ధాంతాన్ని ఎంచుకుని దాని ప్రకారం రాజ్యాన్ని దిద్దడం మేలా? లేక, అమెరికా బాప్టిస్టులు రెండు శతాబ్దాల క్రితం కోరినట్టు, సంఘాన్ని రాజ్యంనుంచి వేరుగా ఉంచడం మేలా? నేను బాప్టిస్టు సంప్రదాయంలో పెరిగినవాణ్ణి కనుక మూడో దారివైపు మొగ్గుతానని ముందే చెప్పడం న్యాయం. అయినా మొదటి రెండింటి బలాన్ని తక్కువచేసి చూపే ఉద్దేశం నాకు లేదు.

మొదటిది ఐక్యవేదిక. దీని బలం నిరూపితమైనది. 1979లో బాప్టిస్టు బోధకుడు జెర్రీ ఫాల్వెల్ స్థాపించిన మోరల్ మెజారిటీ అనే రాజకీయ సంస్థ, ఒకే బల్ల దగ్గర ప్రభువు సంస్కారం తీసుకోని జనాన్ని ఒకే పెట్టెలో ఓటు వేయించగలిగింది. 1994లో చార్లెస్ కోల్సన్, రిచర్డ్ న్యూహాస్ ముందుండి ఎవాంజెలికల్ (సువార్త ప్రచారానికి, వ్యక్తిగత మారుమనస్సుకు ప్రాధాన్యమిచ్చే ప్రొటెస్టంటు) నాయకుల చేత, కతోలిక మేధావుల చేత ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేయించారు. అన్యభాషలు, స్వస్థత వంటి ఆత్మవరాలు ఈనాటికీ ఉన్నాయని నమ్మే పెంతెకొస్తు, కరిస్మాటిక్ వర్గాల్లో 'ఏడు పర్వతాలు' అనే భావన వ్యాపించింది. కుటుంబం, మతం, విద్య, ప్రసార మాధ్యమాలు, కళలు, వ్యాపారం, ప్రభుత్వం అనే ఏడు రంగాల శిఖరాలమీద విశ్వాసులు నిలబడాలని దాని సారాంశం. దీని మూలాలు 1975లో బిల్ బ్రైట్, లోరెన్ కన్నింగ్‌హామ్ పంచుకున్న ఆలోచనలో ఉన్నాయి. గర్భస్రావాన్ని రాజ్యాంగపు హక్కుగా గుర్తించిన 1973 నాటి తీర్పును 2022 జూన్ 24న సుప్రీంకోర్టు కొట్టివేయడం వెనుక ఈ ఐక్యవేదిక సుదీర్ఘ శ్రమ ఉంది. ఆ ఫలితాన్ని ఎవరు ఎలా చూసినా, ఇంతటి రాజకీయ సామర్థ్యం ఉన్న దారిని బలహీనమైనదని అనలేము.

కానీ ఈ ఐక్యతను నిలిపింది ఉమ్మడి ప్రత్యర్థి; ఉమ్మడి విశ్వాసం కాదు. గెలుపు దగ్గరికి వచ్చేసరికే పగుళ్లు బయటపడ్డాయి. సుప్రీంకోర్టు తీర్పు ఇంకా వెలువడకముందే, 2022 మే నెలలో, గర్భస్రావాన్ని నరహత్యగా పరిగణించి స్త్రీలపై కూడా కేసు పెట్టడానికి వీలుకల్పించే బిల్లు లూసియానా శాసనసభ ముందుకు వచ్చింది. దానిని వ్యతిరేకించినవారిలో ఆ రాష్ట్రంలో దశాబ్దాలుగా గర్భస్రావ వ్యతిరేక ఉద్యమాన్ని నడిపిన సంస్థే ఉంది. స్త్రీని బాధితురాలిగా చూసేవారు, నేరస్థురాలిగా చూసేవారు అంతవరకు ఒకే ఊరేగింపులో నడిచారు. చట్టం రాసే కలం చేతికి వచ్చాక విడిపోయారు.

తక్కిన భేదాలు ఇంకా లోతైనవి. 2025 ఫిబ్రవరిలో వైట్‌హౌస్‌లో ఏర్పాటైన విశ్వాస కార్యాలయానికి పౌలా వైట్-కెయిన్ నాయకత్వం వహిస్తున్నారు; ఆమె కరిస్మాటిక్ బోధకురాలు. ఐడహో రాష్ట్రంలోని మాస్కో పట్టణపు క్రైస్ట్ చర్చి కాపరి డగ్లస్ విల్సన్ ఇదే ఉద్యమంలో పేరున్న మరో నాయకుడు. స్త్రీ సంఘకాపరిగా నిలవడం వాక్యవిరుద్ధమని ఆయన బోధ. ఒకరు అపొస్తలులు, ప్రవక్తలు ఈనాటికీ ఉన్నారంటారు. మరొకరు ఆ వరాలు తొలి శతాబ్దంతోనే ఆగిపోయాయంటారు. అంత్యదినాల్లో విశ్వాసుల సంఘం పరలోకానికి ఎత్తబడుతుందని, ఆధునిక ఇజ్రాయెల్ ప్రవచన నెరవేర్పు అని నమ్మేవారు ఉద్యమానికి సంఖ్యాబలాన్నిస్తున్నారు. జాన్ హేగీ 2006లో ఇజ్రాయెల్ మద్దతు కోసం నెలకొల్పిన సంస్థ అలాంటివారిదే. విల్సన్ వంటి రిఫార్మ్‌డ్ (కాల్విన్ సిద్ధాంతాన్ని అనుసరించే) బోధకులు మాత్రం సువార్తకు లోకం క్రమంగా లోబడుతుందని, ఆ తరవాతనే రెండవ రాకడ అని చెబుతారు. వీటిలో ఒక్కటీ చిన్న విషయం కాదు. మన ఊళ్లలో అన్యభాషల ప్రశ్నమీదనే రెండుగా చీలి, ఒకే వీధిలో రెండు మందిరాలు కట్టుకున్న సంఘాలను చూసినవారికి ఈ మాట వివరించనక్కర్లేదు.

ఈ లోపాన్ని గుర్తించినవారే రెండో దారి పట్టారు. వారి నిజాయతీని నేను గౌరవిస్తాను. 'క్రైస్తవ దేశం' అన్నప్పుడు ఏ క్రైస్తవమో చెప్పకుండా తప్పించుకోవడం వారి పద్ధతి కాదు. 2022లో క్రైస్తవ జాతీయవాదాన్ని సమర్థిస్తూ పుస్తకం రాసిన స్టీఫెన్ వుల్ఫ్ ప్రెస్బిటేరియన్; నిజమైన మతాన్ని పోషించి, తప్పుడు మతబోధను అరికట్టే క్రైస్తవ పాలకుడు ఉండాలని ఆయన బాహాటంగా వాదించారు. మరోవైపు హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం బోధించే ఏడ్రియన్ వెర్మ్యూల్ వంటి కతోలిక ఆలోచనాపరులు, చట్టానికి వ్యక్తి స్వేచ్ఛ కాక సర్వజన శ్రేయస్సే గమ్యమని చెబుతూ, ఆ శ్రేయస్సును కతోలిక సంప్రదాయపు వెలుగులో నిర్వచిస్తారు. ఆలోచనలో పొందిక ఏ దారిలో ఎక్కువ అని అడిగితే నా సమాధానం ఈ రెండోదే.

అయితే ఆ పొందికే దాని చిక్కు. వుల్ఫ్ రాజ్యం, వెర్మ్యూల్ రాజ్యం ఒకే నేలమీద ఉండలేవు. 1646లో రూపొందిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం పోపును క్రీస్తు విరోధి అని ప్రకటించింది. దేవదూషణలను, తప్పుడు బోధలను అణచివేయడం పాలకుడి విధి అని కూడా చెప్పింది. అదే ప్రమాణాన్ని అమెరికా ప్రెస్బిటేరియన్లు 1788లో తమ దేశానికి తగినట్టు సవరించుకున్నప్పుడు పాలకుడి అధికారాల భాగాన్ని తిరిగి రాశారు. ఏ ఒక్క శాఖకూ ప్రత్యేక ఆదరణ చూపకుండా సంఘాలన్నిటినీ కాపాడటమే పాలకుడి పని అన్నారు. వారు విశ్వాసంలో చల్లబడి ఈ మార్పు చేయలేదు. ఇంగ్లండులో, కాలనీల్లో రాజ్యాధికారం పట్టిన సంఘం సాటి సంఘాలను ఏం చేసిందో వారికి తెలుసు.

బాప్టిస్టుల సంగతి చూడండి; వారు శిశువులకు బాప్తిస్మం ఇవ్వరు. మసాచుసెట్స్‌లో స్థిరపడిన ప్యూరిటన్లు అనే ఇంగ్లిషు ప్రొటెస్టంట్లు దేవుని ధర్మశాస్త్రం ప్రకారం నడిచే సమాజాన్ని నిజంగానే కట్టబోయారు. 1635లో మతస్వేచ్ఛ కోరిన బోధకుడు రోజర్ విలియమ్స్‌కు బహిష్కరణ శిక్ష వేశారు. 1651లో ఒబదయా హోమ్స్ అనే బాప్టిస్టు బోధకుణ్ణి బోస్టన్‌లో బహిరంగంగా 30 కొరడా దెబ్బలు కొట్టారు. 1660లో క్వేకరు విశ్వాసి మేరీ డయ్యర్‌ను ఉరితీశారు. ప్యూరిటన్లు దుర్మార్గులు కారు, ప్రార్థనాపరులు. వారి సిద్ధాంతమే తార్కికంగా అక్కడికి నడిపించింది. శిశువులకు బాప్తిస్మం ఇచ్చే సంఘం రాజ్యసంఘమైతే, ఇవ్వనివాడు కేవలం భిన్నాభిప్రాయం గలవాడుగా మిగలడు, చట్టాన్ని ధిక్కరించినవాడవుతాడు. ఇవాళ ఈ ఉద్యమంలో ఉత్సాహంగా పాల్గొంటున్న సదరన్ బాప్టిస్టులు తమ పూర్వికుల వీపుల మీది మచ్చలను ఎలా మరిచిపోయారన్నది నన్ను నిజంగా బాధించే ప్రశ్న.

1844లో ఫిలడెల్ఫియాలో, బడుల్లో ఏ బైబిలు చదవాలన్న వివాదం రాజుకొని, ప్రొటెస్టంటు గుంపులు సెయింట్ మైకేల్, సెయింట్ అగస్టీన్ కతోలిక దేవాలయాలను తగలబెట్టాయి. సిద్ధాంతాన్ని ఎంతగా కుదించినా చీలిక ఆగదనడానికి ఇటీవలి ఉదాహరణ కూడా ఉంది. 2024 చివర యూదుద్వేషాన్ని ఖండిస్తూ విల్సన్, ఆయన సహచరులు 'అంతియొకయ' పేరిట ఒక ప్రకటన వెలువరిస్తే, అదే రిఫార్మ్‌డ్ వర్గంలోని మరికొందరు దానిమీద సంతకం చేయకపోగా ఎదురుతిరిగారు. ఆ వివాదంలో నేను విల్సన్ పక్షం వహిస్తాను. యూదులను ద్వేషిస్తూ నజరేయుడైన యేసును ఆరాధించడం కుదరదు.

ఇక మూడో దారి. 1801లో కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులు అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కు ఉత్తరం రాశారు. తమ మతస్వేచ్ఛ రాష్ట్రప్రభుత్వం దయచేసిన రాయితీగా ఉన్నదని, విడదీయరాని హక్కుగా లేదని వారి ఆవేదన. 1802 జనవరి 1న జెఫర్సన్ ఇచ్చిన జవాబులోనే సంఘానికి, రాజ్యానికి నడుమ గోడ అన్న ప్రసిద్ధమైన మాట ఉంది. ఆ గోడను కోరినవారిలో నాస్తికులకంటే ముందు వరుసలో నిలిచింది భక్తులేనన్న సంగతిని ఇరుపక్షాలూ మరిచిపోతున్నాయి. వర్జీనియాలో, మసాచుసెట్స్‌లో ఊరూరా తిరిగి సువార్త ప్రకటించిన జాన్ లీలండ్ వంటి బోధకులు, బలవంతం కలిసిన విశ్వాసం విశ్వాసమే కాదన్నారు. ఒంగోలు దగ్గర 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన మిషన్ ఆ అమెరికన్ బాప్టిస్టుల సంప్రదాయంలోనిదే. తెలుగు బాప్టిస్టులకు ఈ వాదం పరాయిది కాదు, పిత్రార్జితం.

ఈ దారికీ లోపాలున్నాయి. అన్నిటికంటే పెద్దది, గోడను అడ్డుపెట్టుకుని సంఘం మౌనం వహించగలదు. రాజకీయం మాకు సంబంధించినది కాదంటూ అమెరికా దక్షిణాది సంఘాలు బానిసత్వాన్ని సహించాయి. 1845లో సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ విడిగా ఏర్పడటానికి బానిసల యజమానుల పక్షం వహించడమే కారణం. దీనికి సమాధానం కూడా బాప్టిస్టు వేదికమీదనుంచే వచ్చింది. మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగపీఠంనుంచే అన్యాయమైన చట్టాలను ఎదిరించారు కాని, రాజ్యం తన సంఘానికి పీఠం వేయాలని అడగలేదు. వేరుపడటం, నోరు మూసుకోవడం ఒకటి కావు.

రెండో లోపం సంఖ్యలకు సంబంధించినది. ప్యూ పరిశోధన కేంద్రం లెక్కల ప్రకారం తాము క్రైస్తవులమని చెప్పుకునే అమెరికా వయోజనులు 2007లో 78 శాతం ఉండగా, 2023-24 నాటికి 62 శాతానికి తగ్గారు. రాజ్యం అండగా ఉంటే ఇలా జరిగేది కాదని ఉద్యమంలోనివారు అంటారు. ఆ అండ పూర్తిగా ఉన్న ఇంగ్లండులో రాజే సంఘానికి అధిపతి. అయినా ఆదివారం అక్కడి దేవాలయాల్లో బల్లలు ఖాళీగానే ఉంటున్నాయి. ఖాళీ బల్లలను నింపే శక్తి చట్టానికి ఉందని చూపే సాక్ష్యం నాకు కనబడలేదు.

కనుక ఎన్నికల ఫలితమే కొలబద్ద అయితే ఐక్యవేదిక మేలు, తార్కిక స్పష్టతే కావాలంటే సిద్ధాంత రాజ్యం మేలు. సంఘం సంఘంగా ఉండటం, పొరుగువాడు భయంలేకుండా బతకడం ముఖ్యమనుకుంటే మాత్రం మూడో దారే మేలని నా నిశ్చయం. టెక్సస్ రాష్ట్రం కూడా 2025లో తరగతి గదుల్లో పది ఆజ్ఞల పటాలు పెట్టాలని చట్టం చేసింది. లూసియానాలోలాగే అక్కడా వ్యవహారం కోర్టులకెక్కింది. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో బడుల్లో తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు, వారిలో హిందువుల పిల్లలు ఎందరో. భారతదేశంలో అల్పసంఖ్యాకులుగా, మతస్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 25వ అధికరణ నీడన నిలబడి ఆరాధించే మనం, అక్కడ అధికసంఖ్యాకుల పక్కన చేరగానే ఆ నీడను పక్కింటి పిల్లవాడికి లేకుండా చేయడం ఏ వాక్యం ప్రకారం సరైనదో నాకు అర్థం కాదు.

విశ్వాసుల ఐక్యత కోసం తపించేవారిని నేను కాదనను. ఆ తపన నాకూ ఉంది. దానికి మన గడ్డమీదనే ఒక నమూనా కనిపిస్తుంది. దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1919లో తరంగంబాడి సమావేశంనుంచి 1945లో తాను కన్నుమూసేదాకా సంఘాల ఏకీకరణ కోసం పాటుపడ్డారు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు బిషప్పుల గురించి, బాప్తిస్మం గురించి, ప్రభువు బల్ల గురించి ఏళ్ల తరబడి వాదించుకుని, 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా ఒక్కటయ్యారు. ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇవ్వలేదు. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులు, గుంటూరు లూథరన్లు అందులో చేరలేదు. చేరనందుకు ఎవరికీ జరిమానా పడలేదు, ఎవరి మందిరానికీ తాళం పడలేదు.