బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ డిజిటల్ కన్సర్ట్ హాల్‌కి చందా కట్టాలా?

బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా తన కచేరీలను ఆన్‌లైన్‌లో చూపించే సర్వీస్ ఇది. నా జవాబు ముందే చెప్తున్నా, కట్టండి. యూట్యూబ్‌లో ఆర్కెస్ట్రా వీడియోలు ఫ్రీగా బోలెడు దొరుకుతాయి, నిజమే, కానీ ఇక్కడ ఒకటి రెండు కచేరీలు చూశాక తేడా తెలిసిపోతుంది. హాల్లో కెమెరామెన్ ఎవరూ అటూ ఇటూ తిరగరు, కెమెరాలన్నీ రిమోట్‌తో నడుస్తాయి, నడిపేవాళ్ల ముందు స్కోర్ (సంగీతం రాసి ఉన్న పుస్తకం) ఉంటుంది, అందుకే ఒబో అనే ఊదే వాయిద్యం సోలో మొదలయ్యేసరికి స్క్రీన్ మీద ఆ ఒబో వాయించే మనిషే ఉంటారు, ఊపిరి పీల్చుకోవడం కూడా కనిపిస్తుంది. సౌండ్ చాలా బాగుంటుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. సీజన్‌కి 40 దాకా కచేరీలు లైవ్‌లో వస్తాయి, తర్వాత ఆర్కైవ్‌లో ఉంటాయి, ఒకప్పుడు ఈ ఆర్కెస్ట్రాని నడిపించిన కండక్టర్ కరాయాన్ కాలం నాటి ఫిల్ములు కూడా ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంటర్వ్యూలు. వచ్చిన కండక్టర్‌నో సోలోయిస్ట్‌నో ప్రశ్నలడిగేది యాంకర్లు కాదు, హార్న్ వాయించే సారా విల్లిస్ లాంటి ఆర్కెస్ట్రా సభ్యులే. వాయించే మనిషి అడిగే ప్రశ్న వేరేగా ఉంటుంది కదా.

అసలు ఈ సర్వీసే అలా పుట్టింది. 2008లో మొదలైన దీన్ని ముందుండి నడిపించినవాళ్లలో ఒకరు ఆ ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించే ఓలాఫ్ మానింగర్. తమ చీఫ్ కండక్టర్‌ని కూడా ఓటు వేసి ఆర్కెస్ట్రా సభ్యులే ఎన్నుకుంటారు, 2015 మే నెలలో రోజంతా కూర్చున్నా తేలలేదు, జూన్‌లో మళ్లీ కూర్చుని కిరిల్ పెట్రెంకోని ఎన్నుకున్నారు. అదే అమెరికాలోని మినెసోటా ఆర్కెస్ట్రాలో చూడండి, జీతాల కోత దగ్గర గొడవ వచ్చి మేనేజ్‌మెంట్ 2012 అక్టోబర్‌లో వేసిన లాకౌట్ (వాయించేవాళ్లని పనిలోకి రానివ్వకపోవడం) 2014 జనవరి దాకా నడిచింది, మధ్యలో కండక్టర్ ఓస్మో వాన్స్కా రాజీనామా చేశారు. ఆ వార్తలు చదివిన రోజుల్లో నాకు చాలా బాధేసింది. నిర్ణయాల్లో వాయించేవాళ్ల మాటకి విలువ ఉన్నచోట పని ఎలా ఉంటుందో ఈ యాప్ తెరిస్తే కనిపిస్తుంది. 2020 మార్చి 12న కరోనా వల్ల బెర్లిన్ హాలు మూసేసినప్పుడు తమ మాజీ చీఫ్ కండక్టర్ సైమన్ రాటిల్‌తో ఖాళీ కుర్చీల ముందు వాయించి లైవ్ ఇచ్చారు, ఆ తర్వాత కొన్నాళ్లు అందరికీ ఫ్రీగా తెరిచారు. అంత త్వరగా చేయగలిగారంటే అప్పటికే సొంత కెమెరాలు, సొంత టీమ్ ఉన్నాయి కాబట్టే.

లోటు లేదా అంటే ఉంది. ఒకే ఆర్కెస్ట్రా, ఒకే హాలు, రకరకాల ఆర్కెస్ట్రాలు వినాలనుకునేవాళ్లకి ఇదొక్కటే చాలదు. ఇంకో మాట, దీన్ని చూపించి ప్రతి చిన్న ఆర్కెస్ట్రానీ ‘మీరూ ఇలా చేయండి’ అనడం అన్యాయం, బెర్లిన్‌కి ప్రభుత్వ నిధులున్నాయి, ఈ సర్వీస్‌కి మొదట్లో డాయిచ్ బ్యాంక్ అండ ఉంది. అమెరికాలోని డెట్రాయిట్ సింఫనీ ఆర్కెస్ట్రా దారి వేరు, వాయించేవాళ్ల ఆరు నెలల సమ్మె 2011 ఏప్రిల్‌లో ముగిశాక ఫ్రీ వెబ్‌కాస్ట్‌లు మొదలుపెట్టి శ్రోతలను మళ్లీ దగ్గర చేసుకుంది.

వేరే ఒక ఆర్కెస్ట్రా ఆన్‌లైన్ చందా కూడా తీసుకున్నాను, పేరు రాయను. రద్దు చేద్దామంటే బటన్ దొరకలేదు, మూడు మెయిళ్లకి జవాబు లేదు, డబ్బు మాత్రం ఠంచనుగా కట్ అయింది. విరాళం ఇవ్వమని మెయిల్ మటుకు వారం వారం వచ్చేది. అడిగితే ఇష్టంగా ఇచ్చేవాణ్ణే, ఇప్పుడు ఆ పేరు చూస్తేనే మెయిల్ తెరవట్లేదు.

మీరు కొత్తగా చూసేవాళ్లయితే నెల ప్లాన్‌తో మొదలుపెట్టండి, ముందు పెట్రెంకో కచేరీ ఒకటి, దాని పక్కనే ఉన్న ఇంటర్వ్యూ ఒకటి చూడండి.