149 రూపాయల "వీఐపీ మాడ్" కొనకండి, మా కొబ్బరి దింపు డబ్బులు పోయాయి

రెండు రోజుల నుంచి అన్నం సయించట్లేదండి. రాస్తే ఊళ్ళో తెలిసిపోతుందని వెనకాడాను. కానీ మాడ్‌లు, అంటే ఎవరో విప్పి మార్చిన గేములు, పెట్టే ఆ టెలిగ్రామ్ ఛానల్లో నిన్న రాత్రి కూడా అమ్మకం జరుగుతూనే ఉంది. అందుకే రాస్తున్నాను.

గేములాడే వాళ్ళకి ఆ టెలిగ్రామ్ ఛానల్ గురించి చెప్పక్కర్లేదు. "149కే లైఫ్‌టైం వీఐపీ, అన్‌లిమిటెడ్ డైమండ్స్" అంటే ఎవరో మీకే అర్థమవుతుంది. డైమండ్స్ అంటే గేములో వస్తువులు కొనుక్కోడానికి వాడే నాణేల్లాంటివి. మా అమలాపురం వైపు కుర్రాళ్ళు చాలామంది అందులో ఉన్నారు. నేను చేరి ఏడాదైంది.

ఏడాదిపాటు అక్కడి ఉచిత మాడ్‌లు వాడాను, సుఖపడ్డాను కూడా. దాచడం ఎందుకు? అంబాజీపేట మార్కెట్‌కి కొబ్బరికాయ తోలుకెళ్ళి లెక్క తేలేదాకా కూర్చున్నప్పుడు లారీ రేసు గేము ఆడేవాణ్ణి. అసలు గేములో ఒక రేసు అవ్వగానే ఒక యాడ్ వస్తుంది. మాడ్‌లో యాడ్‌లు లేవు, బండ్లన్నీ ముందే తెరిచి ఉంటాయి. అది నెట్ అక్కర్లేని గేము. నాణేల లెక్క ఫోన్లోనే ఉంటుంది కాబట్టి ఎవడో దాన్ని మార్చగలిగాడు. నేనాడింది సిమ్ లేని పాత ఫోన్లో, అందులో బ్యాంకు లేదు, ఏమీ లేదు. అందుకే ఏడాదిపాటు ఏమీ కాలేదు. ఆ తేడా నాకప్పుడు తట్టలేదు. ఛానల్ మంచిదనుకున్నాను.

బుధవారం కొబ్బరి షావుకారు డబ్బు వేశాడు. 2,400 కాయ, కాయకి 16 చొప్పున 38,400. నాన్నది బటన్ ఫోన్, అందుకే ఎప్పుడూ నా ఖాతాలోకే వేయించుకుంటాం. దింపు వాళ్ళకీ వలుపు వాళ్ళకీ కూలి ఇంకా ఇవ్వలేదు. గురువారం సాయంత్రం, ఆ ఖాతా సిమ్ ఉన్న నా ఫోన్లోనే, మూడేళ్ళ నుంచి ఆడుతున్న షూటింగ్ గేముకి వీఐపీ మాడ్ కొన్నాను. 149 పంపగానే ఫైల్ వచ్చింది.

ఇన్‌స్టాల్ కాలేదు. అడిగితే ఆ ఛానల్ వాడు "తమ్ముడూ, ముందు ఒరిజినల్ గేము తీసెయ్" అన్నాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. ప్రతి యాప్‌కీ దాన్ని తయారుచేసినవాడి డిజిటల్ సంతకం ఒకటి ఉంటుందట. ఎవరైనా యాప్‌ని విప్పి, మార్చి, మళ్ళీ కట్టాలంటే వేరే సంతకం పెట్టాల్సిందే. సంతకం మారితే ఫోన్ దాన్ని పాత యాప్ మీద ఎక్కనివ్వదు. అంటే ఇది కంపెనీది కాదని ఫోనే చెప్పింది. నేను ఒరిజినల్ తీసేశాను.

తర్వాత ప్లే ప్రొటెక్ట్ (ఫోన్లో యాప్‌లని తనిఖీ చేసే గూగుల్ కాపలా) అడ్డం పడింది, హానికరమైన యాప్ అని ఎర్రగా చూపించింది. "మాడ్ అన్నాక అలాగే చూపిస్తుంది తమ్ముడూ, అది ఆపెయ్" అని ఎలా ఆపాలో వీడియో పంపాడు. ఆపేశాను. తెరవగానే ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడిగింది. తుపాకులు కాల్చుకునే గేముకి నా మెసేజ్‌లతో పనేంటని ఒక్క క్షణం ఆగి ఉంటే సరిపోయేది. ఇచ్చేశాను. ఆపైన "వీఐపీ యాక్టివేషన్, 1 రూపాయి" అని ఒక పేజీ వచ్చింది. కింద కార్డు కంపెనీల గుర్తులు, పక్కన తాళం బొమ్మ, అంతా పద్ధతిగా ఉంది. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు కొట్టాను. చక్రం తిరుగుతూ ఉండిపోయింది. "సర్వర్ బిజీ, పొద్దున్నకి యాక్టివేట్ అవుతుంది, పడుకో తమ్ముడూ" అన్నాడు.

పడుకున్నాను. 11:52కి 19,500, మూడు నిమిషాలకే 12,000 పోయాయి. ఫోన్ సైలెంట్‌లో తలగడ పక్కనే ఉంది. పొద్దున్న చూస్తే రెండు ఓటీపీ మెసేజ్‌లు, వాటి కింద డబ్బు కట్ అయిన మెసేజ్‌లు. ఓటీపీ నేనెవరికీ చెప్పలేదు. చెప్పే పనే లేదు, మెసేజ్‌లు చదివే పర్మిషన్ నా చేత్తోనే ఇచ్చాను కదా.

వాడికి మెసేజ్ పెట్టాను. తిట్టలేదండి, బతిమాలాను. "అన్నా, అవి మా నాన్న దింపు డబ్బులు, కూలోళ్ళకి ఇవ్వాలి, గేము వద్దు, ఏదీ వద్దు, డబ్బు వెనక్కి వేయించన్నా" అని రాశాను. వెంటనే చూశాడు. టైప్ చేస్తున్నట్టు కనిపిస్తే ఆశ కలిగింది. అప్పుడొచ్చింది ఈ జవాబు:

"దొంగ గేము కొన్నది నువ్వు. పోలీసుల దగ్గరికెళ్ళి ఏమని చెప్తావ్ రా?"

అంతే, బ్లాక్ చేశాడు. రాత్రిదాకా తమ్ముడూ అన్నవాడు, పొద్దున్నకి రా అన్నాడు.

డబ్బు పోయినప్పుడు కూడా నాకంత మంట పుట్టలేదు. ఆ మాట వాడు అప్పటికప్పుడు అన్నది కాదు, ముందే సిద్ధం చేసుకున్నది. మనం సిగ్గుపడతామని, ఇంట్లో చెప్పుకోలేమని, స్టేషన్ మెట్లెక్కమని వాడికి తెలుసు. వాడి వ్యాపారం నిలబడిందే ఆ సిగ్గు మీద. నా విషయంలో అది పనిచేసింది కూడా. శుక్రవారమంతా నోరు విప్పలేదు. కార్డు కూడా బ్లాక్ చేయించలేదు, బ్యాంకుకి ఫోన్ చేస్తే ఎలా పోయిందని అడుగుతారేమోనని భయం. నాలుగు గంటలకి దింపు పెద్దాయన వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. చేతిలో కత్తి, భుజం మీద తువ్వాలు. "బాబూ, నాన్నగారు నిన్నడగమన్నారు, ఆయ్" అన్నాడు. రేపిస్తానన్నాను. ఆయన మారు మాట్లాడకుండా సరేనని వెళ్ళిపోయాడు. ఎండలో యాభై చెట్లెక్కి దిగిన మనిషి. ఆ రాత్రి నాన్నకి చెప్పేశాను. ఆయన నన్నొక్క మాట కూడా అనలేదు. చావిట్లోకెళ్ళి కూర్చున్నాడు.

శనివారం పొద్దున్న సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేశాను. మాడ్ సంగతి దాచకుండా చెప్పాను. అవతల ఆవిడ దాని మీద ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. లావాదేవీ నంబర్లు, సమయం, ఖాతా వివరాలు తీసుకుని ఫిర్యాదు నంబరు ఇచ్చారు. కానీ డబ్బు అప్పటికే మొదట చేరిన వాలెట్ నుంచి దాటిపోయింది. శుక్రవారం పొద్దున్నే చెప్పి ఉంటే ఆపడానికి వీలుండేదేమోనని అన్నారు. వాడి ఒక్క మాటకి నేను పోగొట్టుకున్నది ఆ రోజు.

బ్యాంకు సంగతి కూడా తెలుసుకోండి. రిజర్వ్ బ్యాంక్ 2017లో ఇచ్చిన నిబంధనల ప్రకారం మన అజాగ్రత్త వల్ల డబ్బు పోతే, బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మన నెత్తినే. చెప్పాక పోయింది మాత్రం బ్యాంకుది. కార్డు వివరాలు నా చేత్తో కొట్టాను కాబట్టి నా 31,500 నాకే చుట్టుకునేలా ఉంది. ఎంత త్వరగా చెప్తే అంత మంచిదని అందుకే అంటున్నాను.

డైమండ్స్ కూడా రాలేదు. ఆన్‌లైన్ గేముల్లో డైమండ్ల లెక్క ఉండేది కంపెనీ సర్వర్లో. మన ఫోన్లో యాప్‌ని ఎంత మార్చినా తెర మీద అంకె మారుతుందేమో గానీ అక్కడి లెక్క మారదు. కాబట్టి "అన్‌లిమిటెడ్" అనేదే అబద్ధం. మార్చిన యాప్‌తో లాగిన్ అయినందుకు నా అకౌంట్ బ్యాన్ అయింది. మూడేళ్ళ ఆట పోయింది, దాని గురించి ఏడవడానికి కూడా మొహం చెల్లట్లేదు.

యాడ్‌లు విసిగిస్తే నెట్ ఆపుకుని ఆడండి, లేదా డబ్బు కట్టి గేములోనే యాడ్‌లు తీయించుకోండి. పిల్లల చేతిలో ఫోన్ పెడితే అందులో బ్యాంకు సిమ్ ఉంచకండి.

నిన్న రాత్రి వాడు కొత్త వెర్షన్ పెట్టాడు. కింద "పంపానన్నా, ఫైల్ పెట్టన్నా" అని స్క్రీన్‌షాట్లు వరసగా వస్తున్నాయి. వాటిలో మీది కూడా ఉంటే ఇప్పుడే ఆ ఫోన్లో డేటా, వైఫై ఆపండి, సిమ్ తీసి వేరే ఫోన్లో వేయండి. దాంట్లోంచి ముందు బ్యాంకుకి చేసి కార్డు ఆపించండి, వెంటనే 1930కి చేయండి. గేము దొంగదని వాళ్ళకి చెప్పేయండి, ఎవరూ ఏమీ అనరు.