అనంతపురంలో మేడ మీద కిటికీలు: కొన్నేళ్లు వాడాక నా మాట

మేడ మీద కిటికీల్లో డబ్బు దేనికి ఎక్కువ పెట్టాలని ఎవరైనా అడిగితే ముందు గ్రిల్లు అంటాను, తర్వాత అద్దం. రంగు, డిజైను ఆఖరున. మాది అనంతపురంలో రెండంతస్తుల ఇల్లు. కింద అద్దెకిచ్చాం, పైన మేముంటాం. ఈ యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) కిటికీలు పెట్టించినప్పుడు మా పెద్దోడు గోడ పట్టుకుని నడిచేవాడు, ఇప్పుడు ఆరో తరగతి. చిన్నదానికి నాలుగేళ్లు, కనిపించిందల్లా ఎక్కుతుంది.

గ్రిల్లు దగ్గర వెల్డింగ్ అన్నకూ నాకూ కాస్త వాదన జరిగింది. "పూల డిజైను వేస్తే బాగుంటాదక్కా, అందరూ అదే వేయిస్తాండారు" అన్నాడు. "పూలు పైన వెయ్యన్నా, కింద మాత్రం నిలువు కడ్డీలే కావాల" అన్నాను. అడ్డకడ్డీలున్నా, తీగలు అల్లిన డిజైనున్నా పిల్లలకు అది నిచ్చెనే. నిలువు కడ్డీల మీద కాలు ఆనదు. కడ్డీకీ కడ్డీకీ మధ్య నాలుగు అంగుళాలు దాటకూడదు, లేకపోతే చిన్న పిల్లలు తల దూర్చేస్తారు. మేము పన్నెండు ఎం.ఎం. చదరపు కడ్డీలు మూడున్నర అంగుళాల సందుతో వేయించాం. వీధిలోంచి చూస్తే సన్నగా, తీరుగా ఉంటాయి. చాలామంది దోమల మెష్ ఉంది కదా, పర్వాలేదనుకుంటారు. పిల్లలు ఆనుకుంటే మెష్ ఊడి వచ్చేస్తుంది, అది దోమలకు తప్ప దేనికీ అడ్డం కాదు.

మా అత్తమ్మకు కిటికీలో కూర్చునే అరుగు కావాలని ఉండింది. కట్టించాం, సాయంత్రాలు ఆమె చోటు అదే. కాకపోతే అరుగు కట్టిన క్షణం నుంచి పిల్లలకు నేల అదే. గదిలో నేల నుంచి కిటికీ మూడడుగుల ఎత్తున ఉన్నా, అడుగున్నర అరుగెక్కి నిలబడితే మిగిలేది అడుగున్నరే. అందుకే అక్కడ గ్రిల్లు కింది అంచు నుంచి పైదాకా పూర్తిగా ఉంది. మంచం, కుర్చీ, బీరువా కిటికీకి ఆనించి వేయకపోవడం కూడా ఇందుకే.

ఇంకొకటి. ప్రతి పడకగదిలో ఒక కిటికీకి గ్రిల్లు తలుపులాగా తెరుచుకోవాలి. అగ్గి అంటుకుని మెట్ల దారి పొగతో మూసుకుపోతే బయటపడే దారి అదొక్కటే. తాళంచెవి ఆ పక్కనే, పెద్దవాళ్ల చెయ్యి అందే ఎత్తులో మేకుకు తగిలించి ఉంచాం. రాత్రి వచ్చే చుట్టాలకు కూడా చూపిస్తాను.

గాలి సంగతి మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది అందుకే. ఆషాఢంలో పడమటి గాలి మొదలైతే ఎర్రమట్టి ప్రతి సందులోంచీ దూరుతుంది. తూర్పున స్లైడింగ్ పెట్టాం, పడమటన పెద్ద అద్దం కదలకుండా బిగించి పక్కన ఒక తెరిచే రెక్క పెట్టాం. ఇన్నేళ్లలో తేడా స్పష్టంగా తెలిసింది. స్లైడింగ్ రెక్కల అంచున ఉండే బ్రష్ దుమ్మును పూర్తిగా ఆపలేదు, గాలికి సన్నగా ఈల కూడా వేస్తుంది. తెరిచే రెక్క హ్యాండిల్ తిప్పగానే చుట్టూ రబ్బరు గాస్కెట్‌కు నొక్కుకుంటుంది, దుమ్ము చాలా తక్కువ. గాలికి కొట్టుకోకుండా దానికి స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రిక్షన్ స్టే, అంటే రెక్కను తెరిచిన చోటే పట్టి ఉంచే పట్టీ, తప్పనిసరి. ఫ్రేములో ఇనుప బద్ద వేశారో లేదో బిగించకముందే అడిగి చూడండి, అది లేకపోతే పెద్ద కిటికీ గాలికి ఊగుతుంది.

అద్దం అన్నీ టఫెన్డే, అంటే వేడిచేసి గట్టిపరిచినదే, వేయించాం. మూలన చిన్న ముద్ర చెక్కి ఉంటుంది, భద్రతా అద్దానికి మన ప్రమాణం ఐ.ఎస్. 2553. వేలితో తడిమి చూసుకుని మరీ తీసుకున్నాను. ఒకసారి వీధిలో పిల్లల బంతి తగిలి ఒక రెక్క పగిలింది. కలకండ పలుకుల్లా రాలిపోయింది, కత్తిలాంటి ముక్క ఒక్కటీ లేదు. అయితే ఆ పలుకుల్లో సగం కింద పడ్డాయి. దాని కింద ఎవరైనా నిలబడి ఉంటే? అప్పటి నుంచి కింది వాకిలి మీద ఉన్న కిటికీకి లామినేటెడ్ అద్దం వేయించాం. మధ్యలో పొర ఉంటుంది కాబట్టి పగిలినా ముక్కలు దానికే అతుక్కుని ఉంటాయి. టఫెన్డ్ అద్దాన్ని తర్వాత కోయడం కుదరదు, కొలతిచ్చి చేయించాల్సిందే. పగిలినదాని బదులు కొత్తది వచ్చేదాకా అట్ట అడ్డం పెట్టుకున్నాం.

ఇక నీళ్లు. మొదటి వానాకాలం, కార్తీకం ముందు గట్టి వాన పడ్డ రాత్రి స్లైడింగ్ ట్రాక్ నిండి గదిలోకి పొంగింది. చూస్తే అడుగున నీళ్లు పోయే రంధ్రాలే వేయలేదు. బిగించినవాళ్లకు ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి అంటూ నెల గడిపి, చివరికి వచ్చి డ్రిల్లుతో వేశారు. ఇంత చిన్న పనికి అంత తిప్పించుకోవడం నాకిప్పటికీ కోపమే. డబ్బు మొత్తం చెల్లించకముందే ట్రాకులో ఒక చెంబు నీళ్లు పోసి బయటికి పోతున్నాయో లేదో చూడండి. కిటికీ కింద వేసే కడప బండకు కూడా వాటం బయటికే ఉండాలి, గోడ దాటి ఒక అంగుళం ముందుకు రావాలి. మాకు మేస్త్రీ బండ అడుగున సన్నని గాడి కొట్టాడు, నీళ్లు గోడకు పాకకుండా అక్కడే రాలిపోతాయి. గోడ మీద చార ఒక్కటీ లేదు.

అందం విషయంలో తెలుపు తీసుకోలేదు, టేకు రంగు ఫినిష్ తీసుకున్నాం. ధర ఎక్కువే, కానీ ఎర్రమట్టి మరకలు కనపడవు. పడమటి ఎండకు సన్‌షేడ్ పెద్దగా పనిచేయదు, మూడు దాటాక సూర్యుడు దాని కిందినుంచే లోపలికొస్తాడు. లోపల ఎంత మందం కర్టెన్ వేసినా వేడి అప్పటికే అద్దం దాటేసి ఉంటుంది. అందుకని బయట వెదురు తడిక కట్టాం, ఎండాకాలంలో గదికి అదే పెద్ద ఊరట. తూర్పు కిటికీల రెక్కల కింద తిరిగే రోలర్లు ఈ మధ్యే ఒకసారి మార్పించాం. ట్రాకులో మట్టి పాత టూత్‌బ్రష్‌తో వారానికోసారి దులిపితే అవి ఎక్కువకాలం వస్తాయి.