వాదర పలచన చేయించిన మడత చాకు: నాలుగేళ్లు వాడాక

చాకు కొన్న మొదటి ఏడాదంతా నా ధ్యాస పదును మీదే. సానరాళ్లు మార్చాను, తోలు పట్టీ తెచ్చుకున్నాను, చేతి మీది వెంట్రుకలు గొరిగేంత పదును తెప్పించాను. అయినా ఆపిల్ కోస్తే అది తెగేది కాదు, పగిలేది. బ్లేడు పావు వంతు దిగేదాకా సాఫీగా వెళ్లి, అక్కడినుంచి టక్కుమని చీలి రెండు చెక్కలయ్యేది. కోసిన చోట నున్నగా ఉండాల్సింది, కింది భాగమంతా గరుకుగా విరిగినట్టు కనిపించేది. పదునుకు కొదవ లేదు. మరి లోపం ఎక్కడుందో కాలిపర్స్ పెట్టి కొలిచాక గానీ తెలియలేదు.

బ్లేడు పొడవు 85 మి.మీ., వెన్ను దగ్గర మందం 3.5 మి.మీ., ఉక్కు డీ2 అనే రకం. వెన్ను నుంచి సగం ఎత్తు దాకా అదే మందం, ఆ తర్వాతే సన్నబడడం మొదలు. దాంతో సాన పట్టే అంచుకు సరిగ్గా పైన ఇంకా 0.65 మి.మీ. మందం మిగిలింది. పదునైన గీత ముందు దారి చేస్తుంది, వెనకాల వచ్చే ఈ మందం మేకులా దూరి పండును చీలుస్తుంది. కోత సుఖంగా సాగాలంటే అసలు చూడాల్సింది ఈ కొలతనే. చాకులు కొనేటప్పుడు అందరం ఉక్కు పేరు అడుగుతాం, వాదర వెనక మందం ఎంత అని అడిగేవాళ్లు అరుదు. నేనూ అడగలేదు.

అందుకే రీగ్రైండ్ చేయించాను, అంటే బ్లేడు పక్కలను మళ్లీ అరగదీయించి పలచన చేయించాను. చేసినాయన ముందు చాకు విప్పి బ్లేడు ఒక్కదాన్నే బయటికి తీశాడు. లాక్ ఆనే చోటు, మడిచినప్పుడు బ్లేడును పట్టి ఉంచే చిన్న గుంట, తెరిచినప్పుడు వెళ్లి తగిలే అంచు, వీటి జోలికి వెళ్లకుండా మిగతాదంతా వెన్ను నుంచి వాదర దాకా ఏకవాలుగా బెల్టు మీద అరగదీశాడు. ఒక్కోసారి బెల్టుకు ఆనించడం, వెంటనే నీళ్లలో ముంచడం. ఈ ముంచడం తప్పనిసరి. గట్టిపరిచిన ఉక్కును చాలాసార్లు 200 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా టెంపర్ చేస్తారు, అంటే పెళుసుదనం తగ్గడానికి మళ్లీ వేడి చేస్తారు. అంతకు మించి వేడెక్కితే మెత్తబడుతుంది. పలచని అంచుకైతే అంత వేడి ఎక్కడానికి క్షణాలు చాలు. ఆయన చేతికి గ్లవ్స్ వేసుకోలేదు. వేలికి వేడి తగలగానే బ్లేడు నీళ్లలోకి వెళ్లేది. రీగ్రైండ్ చేయించాలనుకునేవాళ్లు ముందుగా అడగాల్సిన ప్రశ్న నా దృష్టిలో ఇదే: ఉక్కు వేడెక్కకుండా ఏం చేస్తారు?

తిరిగొచ్చిన బ్లేడులో వాదర వెనక మందం 0.25 మి.మీ. మొత్తం మీద 11 గ్రాములు తరుగు పోయింది. నల్ల పూత పోయింది, కంపెనీ ముద్ర పోయింది, వారంటీ కూడా పోయినట్టే. ఇంకో తేడా నేను ఊహించనిది. బ్లేడు తేలికైపోవడంతో బొటనవేలితో విసిరి తెరిచే ఊపు తగ్గింది. ఇదివరకు ఒక్క విసురుకు పూర్తిగా తెరుచుకునేది, ఇప్పుడు కాస్త గట్టిగా నెట్టాలి. వారం రోజుల్లో అలవాటైపోయింది.

ఇక కోత సంగతి. ఆపిల్ మీద పెట్టి ఊరికే లాగితే కింది పళ్లెం తగిలేదాకా చప్పుడే లేదు. చెక్కలు రెండూ అద్దాల్లా తడిగా మెరిశాయి. ఆ రోజు ఇంట్లో ఉన్న పళ్లన్నీ కోసేశాను. అట్టపెట్టెల్లో తేడా ఇంకా స్పష్టం. పాత బ్లేడుతో రెండు పొరల అట్ట కోస్తుంటే సగంలో మణికట్టు లాగేది, అట్ట నలిగి బ్లేడును పట్టేసేది. ఇప్పుడు మొన దించి లాగితే గీత గీసినట్టు తెగిపోతుంది. తాడు, రబ్బరు గొట్టం, కేబుల్ టై, ఏది కోసినా ఇదివరకు పెట్టిన బలంలో సగం చాలు. బలం తక్కువ పెట్టడం వల్ల చాకు మీద పట్టు కూడా తప్పడం లేదు. జారి చెయ్యి తెగుతుందన్న భయం నాకు బాగా తగ్గింది.

సాన పట్టడం కూడా ఎంతో తేలికైంది. దీనికి లెక్క ఉంది. 0.65 మి.మీ. మందాన్ని పక్కకు 20 డిగ్రీల చొప్పున సాన పడితే ఏర్పడే వాలు వెడల్పు దాదాపు 1 మి.మీ. వస్తుంది. 0.25 మి.మీ. మందాన్ని 17 డిగ్రీలతో పడితే అర మిల్లీమీటరు కూడా రాదు. రాయి మీద అరగాల్సిన ఉక్కే తక్కువ కాబట్టి ఇదివరకు అరగంట పట్టేది ఇప్పుడు ఐదారు నిమిషాల్లో అయిపోతోంది. డీ2 లాంటి మొండి ఉక్కుకు ఇది చిన్న సుఖం కాదు.

అయితే అదే ఉక్కు నన్ను ఏడిపించింది కూడా. డీ2లో కార్బన్ సుమారు 1.5 శాతం, క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది. అవి రెండూ కలిసి పెద్ద పెద్ద కార్బైడ్ గడ్డలు కడతాయి. అరుగుదలకు బాగా తట్టుకుంటాయి గానీ, అంచు మరీ పలచనైతే ఆ గడ్డలున్న చోటే పెచ్చులు లేస్తాయి. రెండో ఏడు ఒక మందపాటి కేబుల్ టై కోస్తూ, తెగే ముందు తొందరపడి మణికట్టు పక్కకు తిప్పాను. చిన్న టిక్కు మన్న చప్పుడు. వెలుగులో పెట్టి చూస్తే వాదర మీద మెరుస్తూ అర్ధచంద్రం లాంటి నొక్కు. గోరు పెట్టి లాగితే అక్కడ ఆగుతోంది. పాత బ్లేడు ఇలాంటి తిప్పుళ్లు వంద భరించింది. 400 గ్రిట్ (గరుకుదనం కొలత, అంకె పెరిగే కొద్దీ నునుపు) వజ్రపు పలక మీద నొక్కు పోయేదాకా అరగదీస్తే ఒక సాయంత్రం గడిచిపోయింది. అప్పటినుంచి పక్కకు తిప్పడం, డబ్బా మూత పెకలించడం, స్టేపుల్ పిన్ను ఉన్న అట్ట కోయడం మానేశాను. చివరి గీతకు మాత్రం 20 డిగ్రీల సన్నని రెండో అంచు పెడుతున్నాను. మళ్లీ పెచ్చు లేవలేదు.

తుప్పు గురించి ఒక మాట. క్రోమియంలో మంచి భాగం కార్బైడ్లలోనే చిక్కుకుపోవడం వల్ల డీ2 పూర్తి స్టెయిన్‌లెస్ కాదు. పూత ఉన్నన్నాళ్లు తెలియలేదు. పూత పోయాక బెల్టు గీతల్లో తడి నిలిచి, మొదటి వానాకాలంలోనే గోధుమ రంగు చుక్కలు వచ్చాయి. తడిపి రుద్దే 1000 గ్రిట్ ఉప్పుకాగితంతో ఆ గీతలు పోయేదాకా నున్నగా రుద్ది చికిలి చేశాక చుక్కలు తగ్గిపోయాయి. పులుపు తగిలిన వెంటనే కడిగి, తుడిచి పెడుతున్నాను.

సాన పట్టే కొద్దీ వాదర వెన్ను వైపుకు జరుగుతుంది కాబట్టి మందం మళ్లీ పెరుగుతుంది. పాత బ్లేడులో 1 మి.మీ. ఎత్తు తరిగితే అంచు మందం 0.22 మి.మీ. పెరిగేది. ఇప్పుడున్న వాలుకు 0.13 మాత్రమే పెరుగుతుంది. నాలుగేళ్లలో ఆ నొక్కు తీయడంతో కలిపి సరిగ్గా అంతే తరిగినట్టుంది, నిన్న కొలిస్తే 0.38 వచ్చింది. ఆపిల్ ఇంకా చప్పుడు లేకుండానే తెగుతోంది, గట్టి క్యారెట్ మాత్రం చివర్లో కాస్త చీలుతోంది.

చాకు ఒక్కటే ఉండి, దానితోనే పెకలించడం, గీకడం, తిప్పడం అన్నీ చేసేవాళ్లు ఈ పని చేయించొద్దు. కోయడానికి మాత్రమే వాడేవాళ్లు నిరభ్యంతరంగా చేయించుకోవచ్చు, కొత్త చాకు కొన్నదానికంటే ఎక్కువ తేడా కనిపిస్తుంది. నేనైతే ఇంకొన్నేళ్లు చూసి, 0.5 దాటాక మళ్లీ ఆయనకే ఇస్తాను. ఈసారి మాత్రం 0.25 దాకా వద్దు, 0.3 దగ్గర ఆపమని చెబుతాను.