మూతి వంకరకు అద్దం ముందు వ్యాయామం: పద్నాలుగు నెలల తర్వాత

బెల్స్ పాల్సీ, అంటే ముఖ నరం దెబ్బతిని ఒకవైపు మూతి వంకరపోవడం, ఎందుకొస్తుందో, స్టెరాయిడ్లు మూడు రోజుల్లోపే ఎందుకు మొదలుపెట్టాలో డాక్టర్లు చెబుతారు. నేను థెరపీ గురించే రాస్తున్నాను.

కిందటేడు బడులు తెరిచిన వారంలోనే నా ముఖం ఎడమవైపు పడిపోయింది. కోనసీమలో ఒకటో తరగతికి టీచర్ని. ప, ఫ, బ, భ, మ పలకాలంటే పెదాలు కలవాలి. నావి కలిసేవి కావు. ‘పలక’ అంటే ఎడమ మూల నుంచి గాలి పోయేది. ‘మళ్లీ చెప్పండి టీచర్ గారూ’ అని పిల్లలు అడుగుతుంటే ఏడుపొచ్చేది.

మొదట వెళ్లిన చోట బుగ్గకి కరెంటు పెట్టారు. కండ అదురుతుంటే పనిచేస్తోందనిపించి కనబడిన వాళ్లందరికీ అక్కడికే వెళ్లమన్నాను. బెలూన్లు ఊదమన్నారు, బలంగా నవ్వమన్నారు. మూతి కదలడం మొదలయ్యాక ఆ సంతోషంలో రోజంతా అదే పని. దసరాకి అందరం ఫోటోలు దిగాం. నేను నవ్విన ప్రతి ఫోటోలోనూ ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది! నరం తిరిగి పెరిగేటప్పుడు దారి తప్పి, పెదవికి వెళ్లాల్సిన కబురు కంటికీ వెళ్తుందట. సింకైనీసిస్ అంటారు.

అప్పుడు యానాం వంతెన మీదుగా కాకినాడ వెళ్లి ఇంకొక థెరపిస్టుని కలిశాను. ఆవిడ నా చేతికి చిన్న అద్దం ఇచ్చి, ‘నవ్వకండమ్మా, నవ్వబోతున్నట్టు పెట్టండి. కన్ను కదిలిందా, అక్కడే ఆపేయండి’ అన్నారు. బియ్యపు గింజంత కదలిక, అంతే. అయిదు లెక్కపెట్టి మెల్లగా వదలాలి. బొటనవేలు బుగ్గ లోపల పెట్టి బిగిసిన కండని సాగదీయాలి. పొద్దున పది నిమిషాలు, రాత్రి పది నిమిషాలు. తక్కువ చేస్తే బాగుపడుతుందని నాకెవరూ అంతకుముందు చెప్పలేదు! సంక్రాంతి దాటాక ఒకరోజు ‘పలక’ గాలి పోకుండా వచ్చింది. మర్నాడు క్లాసులో పది సార్లు చెప్పించాను.

కరెంటు వల్లే కన్ను అలా అయిందని అనలేను. ఎక్కువమందికి మూతి వంకర కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుందట కాబట్టి, అద్దానికీ పూర్తి మార్కులు వేయలేను. గబగబా ‘భ’ అంటే కన్ను ఇప్పటికీ కొంచెం చిన్నదవుతుంది. పొద్దున్నే టిఫిన్ పని మా అత్తగారు చూసుకున్నారు కాబట్టి నాకు కుదిరింది. పసిపిల్లలున్న ఇంట్లో రోజూ ఇరవై నిమిషాలు దొరుకుతాయో లేదో మరి.